‘ట్విలైట్’ నవల చదువుతుంటే పదే పదే వచ్చే ప్రశ్నలు

ఎండాకాలం సెలవుల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలను కూర్చోబెట్టి ఇంగ్లీషు నవలలు చదివించడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఎన్ని పుస్తకాలు బల్ల మీద పరిచినా చేతులు మాత్రం నల్ల అట్ట మీద ఎర్ర ఆపిల్ ఉన్న పుస్తకం మీదికే వెళ్తాయి. స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’ అది, 2005లో వచ్చింది. బెల్లా అనే అమ్మాయికీ, ఆమె స్కూల్లోనే చదివే ఎడ్వర్డ్ కల్లెన్ అనే వాంపైర్‌కూ మధ్య నడిచే ప్రేమ కథ. మూడో రోజు నుంచి వాట్సాప్‌లో ప్రశ్నలు మొదలవుతాయి. ఏటా పిల్లలు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కథను చివరి దాకా విప్పి చెప్పాను కాబట్టి, ఉత్కంఠ పాడవకూడదనుకునేవాళ్లు తాము చదివిన అధ్యాయాల వరకే చూసుకోండి.

## పుస్తకం తెరిచే ముందు

ట్విలైట్ అంటే తెల్లవారుజామా, సాయంత్రమా?

నిఘంటువులో రెండూ ఉంటాయి. సూర్యుడు కనబడడు, వెలుతురు మాత్రం ఇంకా పోదు, ఆ కాస్త సమయం. ఈ నవలలో మాత్రం సాయంత్రమే. పడుకోవద్దు, దీపం పెట్టు అని ఇంట్లో పెద్దవాళ్లు గదమాయించే అసురసంధ్య వేళ ఉంది చూడండి, అదే ఇది. 11వ అధ్యాయంలో ఎడ్వర్డ్ ఈ వేళ గురించి మాట్లాడతాడు. తనలాంటివాళ్లకు భయం లేకుండా బయట తిరగగలిగే సమయం ఇదేనంటాడు. ఇంకో రోజు అయిపోయిందన్న దిగులూ ఇందులోనే ఉందంటాడు. అసురులు తిరిగే వేళ అని మనవాళ్లు ఎప్పుడో పెట్టిన పేరు ఈ కథకు అతికినట్టు సరిపోతుంది.

వాంపైర్ అంటే దయ్యమా, పిశాచమా, డ్రాకులానా?

దయ్యానికి ఒళ్లు ఉండదు, వాంపైర్‌కు ఉంటుంది. చచ్చి కూడా చావని మనిషి. రక్తం తాగి బతుకుతాడు, వయసు పెరగదు. తెలుగులో రక్తపిశాచి అనే మాట దగ్గరగా ఉంటుంది. డ్రాకులా అన్నది ఒక పాత్ర పేరు, బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలోది. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, వనస్పతిని డాల్డా అన్నట్టు, మనం ఆ ఒక్కడి పేరు జాతి మొత్తానికి పెట్టేశాం. ఇంకో తమాషా ఏంటంటే, చందమామలో మనం చదువుకున్న బేతాళుడిని రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులోకి తీసుకెళ్లినప్పుడు ‘వాంపైర్’ అనే రాశాడు. చెట్టుకు తలకిందులుగా వేలాడుతూ చిక్కు కథలు చెప్పే మన బేతాళుడికి రక్తం తాగే పనే లేదు.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. దాదాపు 500 పేజీలు చదవగలనా?

చదవగలరు. వాక్యాలు పొట్టివి, సగానికి పైగా సంభాషణలే. మొదటి రెండు అధ్యాయాలే కాస్త బరువు, ఎందుకంటే అక్కడ ఊరి వర్ణన, వాన, స్కూలు, కొత్త పేర్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. నేను పిల్లలకు పెట్టే నియమం ఒక్కటే. తెలియని మాట మొదటిసారి వస్తే వదిలేయండి. రెండోసారి వస్తే కింద గీత గీయండి. మూడోసారి వస్తేనే నిఘంటువు తెరవండి. ఈ రచయిత్రికి కొన్ని మాటలంటే మహా ఇష్టం, వాటినే తిప్పి తిప్పి వాడుతుంది. కాబట్టి మూడోసారి ఎలాగూ వస్తుంది. ఒకసారి పట్టుకుంటే పుస్తకం చివరి దాకా పనికొస్తుంది.

ముందు సినిమా చూసేసి చదివితే తేలిక కదా?

తేలికే, కానీ 2008లో వచ్చిన సినిమాలో నవలలో లేనివి ఉన్నాయి. ముగ్గురు దేశదిమ్మరి వాంపైర్లు ఊళ్లో మనుషుల్ని చంపుతున్నట్టు సినిమా మొదట్నుంచీ చూపిస్తుంది. నవలలో ఆ హత్యలు లేవు. 17వ అధ్యాయం దాకా ఆ ముగ్గురు ఉన్నారన్న ఊహ కూడా మనకు రాదు. ‘ఆ హత్యలు ఏ పేజీలో ఉన్నాయి సార్’ అని వెతికి వెతికి అలిసిపోయినవాళ్లను చూశాను. నా సలహా పుస్తకమే ముందు.

## ఫోర్క్స్‌లో తొలి రోజులు (1 నుంచి 5 అధ్యాయాలు)

మొదటి పేజీలో చావబోతోంది, తర్వాతి పేజీలో ఎయిర్‌పోర్టుకు వెళ్తోంది. మధ్యలో పేజీలు పోయాయా?

పోలేదు. ముందున్న ఆ చిన్న భాగం కథ చివర్లోది. ఒక వేటగాడి ముందు బెల్లా ఒంటరిగా నిలబడిన క్షణాన్ని కోసి తెచ్చి ముందు పెట్టారు. మొదటి అధ్యాయం నుంచి కథ వెనక్కి వెళ్లి కొన్నాళ్లు నడిచి, 22వ అధ్యాయంలో మళ్లీ అక్కడికే చేరుతుంది. వేటగాడు అనగానే చాలామంది ఎడ్వర్డ్ అనుకుంటారు. మీరలా అనుకోవాలనే పేరు రాయలేదు.

కన్నతండ్రిని చార్లీ అని పేరు పెట్టి పిలుస్తుందేంటి?

జాగ్రత్తగా చూడండి, ఎదురుగా ఉన్నప్పుడు డాడ్ అనే అంటుంది. మనతో కథ చెప్పేటప్పుడే చార్లీ. బెల్లా పసిబిడ్డగా ఉండగానే తల్లి రెనే ఆయన్ను వదిలి వెళ్లిపోయింది. పెరిగిందంతా అమ్మ దగ్గరే, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో. ఏడాదికోసారి సెలవుల్లో చూసే మనిషి నాన్న. ఆ పిలుపులో అమర్యాద లేదు, అలవాటు లేకపోవడం ఉంది. ఆయన ఫోర్క్స్‌లో పోలీసు చీఫ్, మాటలు తక్కువ. మంచు పడిన మర్నాడు కూతురు లేచేసరికే ఆమె బండి టైర్లకు గొలుసులు తగిలించి వెళ్తాడు, జారకుండా. ఒక్క మాట చెప్పడు. ఆ సంగతి తెలిసినప్పుడు బెల్లా గొంతు పూడుకుపోతుంది. నాకైతే పుస్తకం మొత్తంలో ప్రేమ కథ అంటే ఆ గొలుసులే.

ఫోర్క్స్ అనే ఊరు నిజంగా ఉందా?

ఉంది. అమెరికా వాయవ్య మూల, వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ ద్వీపకల్పంలో. జనాభా మూడు వేల పైచిలుకు. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కోస్తాలో 1,000 అటూ ఇటూ పడితేనే మంచి ఏడాది అంటాం, దాన్నిబట్టి లెక్క వేసుకోండి. ఎండ పొడ తగలని ఊరు కావాలని రచయిత్రి ఇంటర్నెట్‌లో వెతికి దీన్ని పట్టుకుంది. తొలి ప్రతి రాసేనాటికి ఆవిడ ఆ ఊరు చూడనే లేదు.

డ్రిజిల్, మిస్ట్, స్లీట్, స్లష్... ఇన్ని రకాల వానలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మనకూ తక్కువేం లేవు. డ్రిజిల్ అంటే సన్న చినుకులు. మిస్ట్ అంటే మొహానికి తగిలే తుంపర, పొగమంచు. డౌన్‌పోర్ అంటే కుండపోత. ఓవర్‌కాస్ట్ అంటే మబ్బు మూసేసిన ఆకాశం, వాన పడుతూ ఉండక్కర్లేదు. మనకు లేనివి మంచుతో వచ్చేవే. స్లీట్ మంచు కలిసి పడే వాన. స్లష్ అంటే కరిగి బురదైన మంచు, బూట్లలోకి వెళ్లి చిరాకు పెట్టేది. బెల్లా పడే అవస్థ అంతా ‘ముసురు’ అనే ఒక్క మాటలో మనం చెప్పేస్తాం. ఆ మాట లేక పాపం ఆమె పేజీలు పేజీలు రాసుకుంది.

ఇద్దరూ ‘జూనియర్లు’ అంటే ఇంటర్ ఫస్టియరా?

ఇంచుమించు. అక్కడ హైస్కూలు నాలుగేళ్లు, 9 నుంచి 12వ తరగతి దాకా. వరసగా ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్. జూనియర్ అంటే 11వ తరగతి. మన కాలేజీల్లో సీనియర్లు అందరినీ జూనియర్లు అంటారే, ఆ అర్థం ఇక్కడ లేదు. బెల్లా చదువు సంవత్సరం మధ్యలో, జనవరిలో వచ్చి చేరుతుంది. అందుకే ఆ చూపులన్నీ ఆమె మీదే. స్కూల్లో మొత్తం 357 మంది, ఈమె 358.

బెల్లా ట్రక్ నడుపుతుందా? లారీనా?

కాదు. ముందు క్యాబిన్, వెనక తొట్టి ఉండే పికప్ బండి. మన బొలెరో పికప్‌ను ఊహించుకోండి, బాగా పాతది, రంగు వెలిసిన ఎరుపు, స్టార్ట్ చేస్తే వీధంతా లేచేంత చప్పుడు.

బయాలజీ క్లాసులో ఎడ్వర్డ్ అంత అసహ్యంగా ఎందుకు చూశాడు? బెల్లా ఏం చేసింది?

ఏమీ చేయలేదు. పక్కన వచ్చి కూర్చుంది, అంతే. ఆమె రక్తం వాసన అతనికి మరెవరి దగ్గరా తగలనంత గాఢంగా తగిలింది. పిడికిలి గట్టిగా బిగించి పట్టుకుని గంట సేపు తనను తాను ఆపుకున్నాడు. ఆ పట్టును బెల్లా కోపం అనుకుంది, జుట్టు వాసన చూసుకుంది, తన తప్పేంటో అర్థం కాక ఏడ్చినంత పనిచేసింది. అతను అలాస్కాకు పారిపోయి, వారం తర్వాత కాస్త కుదుటపడి వచ్చాడు. ఈ సంగతంతా 13వ అధ్యాయంలో గానీ తెలియదు. అది తెలిశాక మొదటి అధ్యాయంలోని ఆ రెండు పేజీలు మళ్లీ చదవండి, ఒక్క మాట మారకుండానే కథ మారిపోతుంది.

గ్లవర్, స్కౌల్, గ్రిమేస్, స్మర్క్, చకుల్... అన్నీ మొహం పెట్టడమే కదా, ఇన్ని మాటలెందుకు?

నాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. ముందు అర్థాలు చెప్పుకుందాం. గ్లవర్ అంటే గుర్రుగా చూడటం, గుడ్లు ఉరమడం. స్కౌల్‌లో కనుబొమలు ముడిపడతాయి, మొహం మాడ్చుకోవడం అన్నమాట. గ్రిమేస్ నొప్పికో చేదుకో మొహం చిట్లించడం, అందులో కోపం ఉండక్కర్లేదు. స్మర్క్ పెదవి ఒక పక్కకు లాగి నవ్వే గర్వపు నవ్వు. ఆ నవ్వు గురించి గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చకుల్ గొంతులోనే తిరిగే చిన్న నవ్వు, స్నికర్ ఎదుటివాణ్ణి చూసి కిసుక్కున నవ్వడం. మట్టర్ అంటే విసుగ్గా గొణగడం, మర్మర్ అంటే మెత్తగా, దగ్గరగా అనడం. ఎడ్వర్డ్ మర్మర్ అన్నచోట మట్టర్ అనుకుని చదివితే ప్రేమ మాట కాస్తా తిట్టులా వినిపిస్తుంది.

ఇక ఎందుకన్నది. ఎడ్వర్డ్‌కు అందరి మనసులూ వినిపిస్తాయి, బెల్లాది తప్ప. బెల్లాకు ఎవరి మనసూ వినిపించదు, పైగా అతను నోరు విప్పి నిజం చెప్పడు. ఇద్దరికీ మిగిలింది ఎదుటివాళ్ల మొహమే. దవడ ఎప్పుడు బిగిసింది, పెదవి ఎప్పుడు వంకర తిరిగింది, కళ్లు ఎప్పుడు చల్లబడ్డాయి, వీటిని బట్టే ఆమె కథను కూడబలుక్కుంటుంది. ఈ మాటలు తీసేస్తే మొదటి పన్నెండు అధ్యాయాల్లో జరిగిందేమీ మిగలదు. కాబట్టి కష్టమైన మాటల జాబితా రాసుకునేవాళ్లు మొహాల మాటలకు వేరే పేజీ పెట్టుకోండి. ఆ ఒక్క పేజీ వస్తే నవల వచ్చినట్టే. ఇన్ని అవసరమా అంటే, నిజం చెప్పాలి, కొన్నిచోట్ల ఆవిడ కూడా అతి చేసింది.

ఛాగ్రిన్ అనే మాట ప్రతి అధ్యాయంలో ఉన్నట్టుంది. ఏంటది?

పలికేటప్పుడు ‘షగ్రిన్’ అనాలి. పరువు తక్కువ పని జరిగినందుకు లోపల కలిగే ఉడుకు. సిగ్గు ఒక్కటే కాదు, కోపం ఒక్కటే కాదు, రెండూ కలిసినది. తెలుగులో నామోషీ అంటే చాలావరకు సరిపోతుంది. నలుగురిలో కాలుజారి పడ్డాక చెయ్యి ఇచ్చి లేపినవాడి మీదే విసుగు వస్తుంది చూడండి, అది.

ఇన్‌క్రెడిబుల్, ఇన్‌క్రెడ్యులస్ ఒకటేనా?

కాదు. నమ్మశక్యం కాని సంగతి ఇన్‌క్రెడిబుల్. దాన్ని విని నమ్మలేక చూసే మనిషి ఇన్‌క్రెడ్యులస్. బెల్లా మీదికి దూసుకొచ్చే వ్యాన్‌ను ఎడ్వర్డ్ ఒట్టి చేతులతో ఆపడం మొదటిది, అది చూసిన బెల్లా మొహం రెండోది.

పేల్ అంటే తెల్లగా ఉండటమే కదా. కల్లెన్లు తెల్లగా ఉన్నారని పొగుడుతోందా?

ఇక్కడ మన అలవాటు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో కనబడే తెలుపుకు ఇంగ్లీషులో ఫెయిర్ అంటారు. పేల్ అంటే పాలిపోయిన, నెత్తురు లేని అని. పాలిడ్, చాకీ కూడా ఆ కుటుంబంలోవే, చాకీ అంటే సుద్దముక్కలా. బెల్లా తన గురించి కూడా ఈ మాటే అంటుంది, అదీ ఫిర్యాదుగా. ఎండలు మండే ఫీనిక్స్ నుంచి వచ్చి కూడా ఒంట్లో రంగు లేదని ఆమె బాధ. అక్కడ ఎండకు కాస్త రంగు తిరిగిన చర్మమే ఆరోగ్యానికి, అందానికి గుర్తు.

## అనుమానం నుంచి నిజం దాకా (6 నుంచి 12 అధ్యాయాలు)

ఎడ్వర్డ్ కళ్లు ఒకచోట నలుపు, ఒకచోట బంగారం. అచ్చు తప్పా?

అదే అసలు ఆధారం. ఆకలి పెరిగేకొద్దీ కళ్లు నల్లబడతాయి. జంతువుల రక్తం తాగి వచ్చాక బంగారు రంగుకు తిరుగుతాయి. టోపాజ్ అని ఉంటే పుష్యరాగం రంగు, ఓకర్ అంటే పసుపు కలిసిన మట్టి రంగు, బటర్‌స్కాచ్ అంటే ఆ పేరుగల మిఠాయి రంగు. ఎడ్వర్డ్ వచ్చిన ప్రతిచోటా మార్జిన్‌లో కళ్ల రంగు రాసుకుంటూ వెళ్లండి, అతను ఎప్పుడు వేటకు వెళ్లి వచ్చాడో మీకే తెలిసిపోతుంది. మనుషుల రక్తం తాగేవాళ్ల కళ్లు ముదురు ఎరుపు.

జేకబ్ చెప్పిన ‘చల్లనివాళ్ల’ కథ ఆ తెగవాళ్లు నిజంగా చెప్పుకునేదేనా?

సగం. జేకబ్ బెల్లాకు తెలిసిన కుర్రాడు, క్విలియూట్ తెగవాడు. క్విలియూట్ నిజమైన తెగ, లా పుష్ వాళ్ల ఊరు, పసిఫిక్ సముద్రం ఒడ్డున. తమ పూర్వీకులు తోడేళ్ల నుంచి మనుషులుగా మారారన్నది వాళ్ల పాత గాథ. చల్లనివాళ్లు, అంటే వాంపైర్లు, వాళ్లతో జేకబ్ ముత్తాత చేసుకున్న ఒడంబడిక మాత్రం రచయిత్రి కల్పన. రెండూ ఒకే నోట వినిపించడం వల్ల మొత్తం తెగ పురాణమే అనుకునే ప్రమాదం ఉంది. కథలో జేకబ్‌కు 15 ఏళ్లు, తను చెప్పేదాన్ని తనే నమ్మడు. బెల్లా కాస్త అందంగా నవ్వి అడిగింది కదా అని పెద్దల రహస్యం చెప్పేశాడు.

పోర్ట్ ఏంజిలిస్ సందులో బెల్లా ఎక్కడుందో ఎడ్వర్డ్‌కు ఎలా తెలిసింది?

వెంబడించాడు. నేరుగా ఆమె మనసు వినబడదు కాబట్టి, ఆమెతో వెళ్లిన స్నేహితురాలు జెస్సికా మనసు వింటూ వచ్చాడు. బెల్లా పుస్తకాల షాపు వెతుక్కుంటూ విడిపోయేసరికి జాడ తప్పింది. చివరికి ఆమెను చుట్టుముట్టిన మగవాళ్ల తలల్లో నడిచే ఆలోచనలు వినబడ్డాయి. ఆ తర్వాత కారులో అతను ఒళ్లు తెలియని కోపంతో ఉంటాడు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమని ఆమెను అడుగుతాడు. వెనక్కి వెళ్లి వాళ్లను చంపకుండా తనను తాను మళ్లించుకోవడానికి.

డాజిల్ అంటే కళ్లు జిగేల్మనడం కదా, మనుషుల్ని డాజిల్ చేయడమేంటి?

బండి లైటు కళ్లలో పడితే ఏమవుతుంది? ఎదుట ఏముందో ఓ క్షణం కనబడదు. ఎడ్వర్డ్ సూటిగా చూస్తే ఎదుటివాళ్లు ఏం మాట్లాడబోతున్నారో మరిచిపోతారు. హోటల్లో వడ్డించే అమ్మాయికీ అదే అవస్థ. మైమరపించడం అనుకోండి. తమాషా ఏంటంటే, తను అలా చేస్తున్నట్టు బెల్లా చెప్పేదాకా అతనికి తెలియదు.

వాంపైర్లు వెజిటేరియన్లు ఎలా అవుతారు?

అది వాళ్లలో వాళ్లు వేసుకునే జోకు. మనుషుల్ని ముట్టరు, అడవి జంతువుల రక్తంతో సరిపెట్టుకుంటారు. ఎడ్వర్డ్‌కు కొండ సింహం ఇష్టం, అన్నగా ఉండే ఎమ్మెట్‌కు ఎలుగుబంటి. బతకడానికి సరిపోతుంది గానీ నిజంగా కడుపు నిండదు. మీల్‌మేకర్ కూర తిని మాంసం అనుకోవడం లాంటిది. మా క్లాసులో ఒక శాకాహారి కుర్రాడు ఈ మాట చదివి చాలా నొచ్చుకున్నాడు.

## మైదానం, ఇల్లు (13 నుంచి 16 అధ్యాయాలు)

ఎండ తగిలితే వాంపైర్లు కాలిపోవాలి కదా? ఇతను మెరుస్తాడేంటి?

కాలిపోవడం సినిమాలు నేర్పిన సంగతి, 1922 నాటి జర్మన్ మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’ నుంచి బలపడింది. 1897 నాటి డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. ఈ నవలలో ఎండ చంపదు, పట్టిస్తుంది. చర్మం రవ్వల్లా మెరిసి మనిషి కాదని తెలిసిపోతుంది. వాన ఊళ్లో కాపురం అందుకే. ఎండ కాసిన రోజున కల్లెన్ల ఇంటి పిల్లలు అయిదుగురూ స్కూలుకు రారన్నది ముందు అధ్యాయాల్లోనే ఉంది, చాలామంది గమనించరు.

ఎడ్వర్డ్ బెల్లాను హీరోయిన్ అంటాడు. సినిమా హీరోయినా?

ఒక్క అక్షరం తేడా కొంప ముంచింది. సినిమా హీరోయిన్ స్పెల్లింగు చివర ‘ఈ’ అక్షరం ఉంటుంది. ఇక్కడ లేదు. ఇది హెరాయిన్, మత్తుమందు. ముందు తాగుబోతుకు బ్రాందీ చూపించినట్టు అని మొదలుపెట్టి, అది చాలదని మత్తుమందుకు వెళ్తాడు. అందరి రక్తమూ ఒకెత్తు, నీది నాకోసమే తయారుచేసిన సరుకు అని చెబుతున్నాడు. పొగడ్త అనుకుని మురిసిపోయే చోటు కాదు, ఆమె ప్రాణానికి తన వల్లే ముప్పు అని ఒప్పుకునే చోటు.

ఎడ్వర్డ్ ఇంగ్లీషు మిగతా పిల్లల్లా లేదు. ఎందుకు?

అతను 1901లో షికాగోలో పుట్టాడు. 1918లో స్పానిష్ ఫ్లూతో చావబోతుంటే డాక్టర్ కార్లైల్ మార్చాడు. అప్పటి నుంచి వయసు 17 దగ్గరే ఆగిపోయింది, మాట కూడా కొంత అక్కడే. క్లాసులో ఒక కుర్రాడు గ్రాంథికం కలిపి మాట్లాడితే మనకు ఎలా ఉంటుందో బెల్లాకు అలా వినిపిస్తుంది. ఎడ్వర్డ్ మాటలు గబగబా చదివేయకండి, పొడుగు వాక్యాలు ఎక్కువగా అతనివే.

కల్లెన్ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కావడం లేదు.

ఊరికి చెప్పేది ఒకటి, నిజం ఒకటి. ఊరికి డాక్టర్ కార్లైల్, భార్య ఎస్మే, వాళ్లు పెంచుకుంటున్న అయిదుగురు పిల్లలు. నిజంగా ఎవరికీ రక్త సంబంధం లేదు. రోజలీ, ఎమ్మెట్ ఒక జంట, ఆలిస్, జాస్పర్ ఇంకో జంట, ఎడ్వర్డ్ ఒంటరి. అన్నాచెల్లెళ్ల పేరుతో ఉండి జంటలేంటని ఊళ్లో గుసగుసలూ ఉన్నాయి. ఆలిస్‌కు జరగబోయేది కనబడుతుంది, కానీ ఎదుటివాళ్లు మనసు మార్చుకుంటే ఆ దృశ్యమూ మారుతుంది. జాస్పర్ చుట్టూ ఉన్నవాళ్ల ఉద్వేగాన్ని పెంచగలడు, తగ్గించగలడు. కార్లైల్ 1640లలో లండన్‌లో ఒక పాస్టర్‌కు పుట్టాడు, రక్తపిశాచాల్ని వేటాడటానికి వెళ్లి తనే అయిపోయాడు. కోవెన్ అనే మాట వస్తే వాంపైర్ల గుంపు అనుకోండి. వీళ్లు మాత్రం తమను కుటుంబమనే అనుకుంటారు.

## వేట నుంచి చివరి పేజీ దాకా (17వ అధ్యాయం నుంచి)

బేస్‌బాల్ తెలియదు. ఆ అధ్యాయం దాటేయనా?

ఆట అర్థం కాకపోయినా నష్టం లేదు, అధ్యాయం మాత్రం దాటొద్దు. వాళ్లు బంతి కొడితే పిడుగు పడినంత చప్పుడు, అందుకే ఉరుముల రోజున ఆడతారు. ఆ చప్పుడు విని ముగ్గురు కొత్తవాళ్లు వస్తారు, జేమ్స్, విక్టోరియా, లారెంట్. గాలి మళ్లి బెల్లా జుట్టు కదలగానే జేమ్స్‌కు మనిషి వాసన తగులుతుంది. అక్కడి నుంచి ప్రేమ కథ వేట కథ అవుతుంది.

ట్రాకర్ అంటే ఏంటి? ఇంతమందిలో బెల్లాయే ఎందుకు కావాలి?

జాడ పట్టి వేటాడేవాడు. జేమ్స్‌కు ఆకలి కన్నా ఆట ముఖ్యం. ఒక మామూలు అమ్మాయిని కాపాడటానికి ఏడుగురు వాంపైర్లు అడ్డం నిలబడ్డారు. ఇంతకన్నా మంచి పందెం వాడికి దొరకదు. ఎడ్వర్డ్ ఎంత గట్టిగా ఉరిమితే వాడికి అంత ఉత్సాహం.

తండ్రి మనసు అంత ఘోరంగా విరిచి వెళ్లడం అవసరమా?

మామూలుగా చెబితే చార్లీ ఆపుతాడు, ఆపితే ఆయన ప్రాణమూ పోతుంది. అందుకే ఒకప్పుడు రెనే గడప దాటుతూ అన్న మాటలనే కూతురు మళ్లీ అంటుంది. ఆ మాటలు వింటే ఆయన వెంట రాలేడని ఆమెకు తెలుసు. ఇందులో ఇంకో ఎత్తు ఉంది. ఫీనిక్స్ వెళ్తున్నానని అరిచి చెబుతుంది. నిజంగా వెళ్లేవాళ్లు అలా చెప్పరు కదా అని వేటగాడు అనుకోవాలి, ఆమె నిజంగానే అక్కడికి వెళ్తుంది.

తల్లి ఫ్లోరిడాలో ఉంటే జేమ్స్ ఫోన్‌లో ఆమె గొంతు ఎలా వినిపించింది?

పాత ఇంటి వీడియోలోది ఆ గొంతు. తల్లి వాడి చేతికి చిక్కనే లేదు. తల్లి కోసం తన ప్రాణం ఇవ్వడానికి బెల్లా ఒంటరిగా డ్యాన్స్ స్కూలుకు వెళ్తుంది, చిన్నప్పుడు బ్యాలే నేర్చుకున్న చోటికే. ఆలిస్ గీసిన బొమ్మలో ముందే కనబడిన అద్దాల గది అది.

విషానికి పాయిజన్ అనక వెనమ్ అన్నారేంటి?

మనకు రెంటికీ విషం ఒక్కటే మాట. ఇంగ్లీషులో తిన్నా తాగినా ఎక్కేది పాయిజన్, కాటుతో ఒంట్లోకి దిగేది వెనమ్. పాముది, తేలుది వెనమ్. జేమ్స్ బెల్లా చేతి మీద కొరికినప్పుడు దిగింది అదే. అలాగే వదిలేస్తే కొన్ని రోజులు మంటతో కాలి వాంపైర్ అయిపోతుంది. ఎడ్వర్డ్ ఆ విషాన్ని పీల్చి తీస్తాడు. పీల్చేది తను అన్నిటికన్నా ఆశపడిన రక్తాన్నే, ఆపాల్సిన చోట ఆపాలి. 13వ అధ్యాయంలో మత్తుమందు పోలిక ఎందుకు తెచ్చాడో ఇక్కడ తెలుస్తుంది.

ఆసుపత్రి అధ్యాయం పేరు ఇంపాస్. అర్థం?

పీటముడి. నన్ను కూడా నీలా మార్చు అని ఆమె, మార్చను అని అతను. ఇద్దరూ తగ్గరు.

చివర్లో ఎడ్వర్డ్ ముస్తాబు చేసి తీసుకెళ్తుంటే బెల్లా ఎందుకు ఏడుస్తుంది?

ఆ రాత్రి తనను వాంపైర్‌గా మారుస్తారని ఆశపడింది. తీరా చూస్తే అది ప్రామ్, స్కూలు ఏడాది చివర పిల్లలు సూట్లు, గౌన్లు వేసుకుని వెళ్లే డ్యాన్స్ పార్టీ. ఒక కాలికి కట్టు, ఇంకో కాలికి ఎత్తు చెప్పు, పైగా ఆమెకు డ్యాన్స్ అంటేనే గిట్టదు. మనిషిగా ఉండగా దక్కేవి ఏవీ ఆమె పోగొట్టుకోకూడదని అతని పట్టుదల. ముడి విడిపోదు, పుస్తకం అక్కడే ఆగుతుంది.

## పుస్తకం మూశాక

మా అమ్మాయి 8వ తరగతి. చదవనివ్వచ్చా?

ఈ మొదటి పుస్తకంలో ముద్దుల్ని మించి ఏమీ లేదు, చివర్లో హింస ఉంది. నేను ఆలోచించేది ఇంకో సంగతి. ఎడ్వర్డ్ చెప్పకుండా ఆమె గదిలోకి వచ్చి నిద్రపోతుంటే చూస్తాడు, వెంబడిస్తాడు, ఎక్కడికి వెళ్లాలో తనే తేలుస్తాడు. పుస్తకం దాన్ని ప్రేమగా చూపిస్తుంది. మన వీధిలో ఎవడైనా ఆ పని చేస్తే ఏమంటాం? మీరూ చదివి ఈ ప్రశ్న అమ్మాయినే అడగండి, పిల్లలు మనం అనుకున్నదాని కన్నా బాగా జవాబు చెబుతారు. నాలుగో పుస్తకంలో పెళ్లి, గర్భం, భయంకరమైన కాన్పు ఉన్నాయి, దానికి ఇంకొన్నేళ్లు ఆగొచ్చు.

తర్వాత ఏ వరసలో చదవాలి?

‘న్యూ మూన్’ 2006, ‘ఎక్లిప్స్’ 2007, ‘బ్రేకింగ్ డాన్’ 2008. 2020లో వచ్చిన ‘మిడ్‌నైట్ సన్’ మొదటి కథనే ఎడ్వర్డ్ నోట చెబుతుంది. బెల్లా కోపం అనుకున్న ప్రతి చూపు వెనక ఏముందో అందులో ఉంటుంది. లావు పుస్తకం, చివర చదవండి.

న్యూ మూన్‌లో కొన్ని పేజీల్లో నెల పేరు తప్ప ఏమీ లేదు. ప్రింటింగ్ తప్పా?

కాదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి, పేజీకి ఒక్క మాట. ఎడ్వర్డ్ వదిలి వెళ్లాక ఆ నాలుగు నెలలూ చెప్పడానికి బెల్లా దగ్గర ఏమీ లేదు. మా పిల్లల్లో ఒకడు పుస్తకం మార్చి ఇమ్మని షాపుకు తీసుకెళ్లాడు. షాపాయన ఇంకో కాపీ తీసి చూపించాడు. అందులోనూ అంతే.